కెమెరాకి ఏ రోగమూ లేదు

ఏమండీ,

స్టూడియోలో రీలు కడిగి చూశాను. కెమెరా పాడవలేదు, తప్పంతా మీదే. కంటికానని వెలుగుని పట్టే ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్‌ని కిటికీ పక్కన ఎండలో కూర్చుని ఎక్కిస్తారా ఎవరైనా? వెలుతురు సోకి సగం రీలు అక్కడే పోయింది. మిగతాదంతా ఫోకస్ తప్పి మసక.

ఇంకొక్క రీలే ఉంది. అత్తయ్యగారు నాటిన చెట్టుని సాయంత్రం కొట్టేస్తారు. కాబట్టి ఈసారైనా చెవిన పెట్టండి. స్నానాలగదిలో లైటార్పి, తలుపు కింద తువ్వాలు కుక్కి, చీకట్లోనే ఎక్కించండి. ముదురెర్ర ఫిల్టరు బిగించండి. చెట్టు రెండు బొమ్మలూ ఒకటిగా కలవగానే మురిసిపోకండి, ఈ ఫిల్మ్‌కి ఫోకస్ కాస్త వేరు. ఫోకస్ కుదిరాక, ఆ దూరం అంకెని లెన్సు మీది ఎర్రగీత దగ్గరికి జరపండి. చూసే కిటికీ వేరే కాబట్టి, లెన్సు మూత తీయకపోయినా ఈ కెమెరాలో అన్నీ కనబడతాయి, మీలాంటివాళ్ల కోసమే చెబుతున్నా. నేను స్టూడియోకి వెళ్తున్నాను.

అన్నట్టు, ఆఖరి ఫొటోలో బట్టలారేస్తున్నది నేనేగా? ముఖం అలుక్కుపోయింది. అయినా అద్దానికి అంటించాను, తీసేయకండి.