డెబ్బై ఒక్క శాతం

భవానీపురం,
ఆగస్టు 9

ప్రియమైన నాన్నా,

క్యాంపులో ఫోన్లు తీసేసుకున్నారు, అందుకే ఉత్తరం. యూనివర్సిటీ వాలీబాల్ జట్టులో నా పేరుంది! బంతి లేపి ఇచ్చే సెట్టర్ స్థానం నాదే.

ఒక్కటే చిక్కు. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే ఆడనివ్వరు. నాకు డెబ్బై ఒకటే ఉంది. అమ్మ ఆపరేషన్‌కి వచ్చి ఇంట్లో ఉన్న రోజుల హాజరు పోయింది. మాకు ఆటలు నేర్పే పీడీ వెంకటకృష్ణారావు గారు, "ఆ రోజులు మ్యాచ్‌లకెళ్లావని రాసేస్తాలేమ్మా, ఎవరడుగుతారు?" అన్నారు. నెలాఖరులోగా చెప్పాలి. నువ్వూ కాలేజీ జట్టులో ఆడినవాడివే కదా, ఏం చెయ్యమంటావు?

నీ కృప

పామర్రు,
ఆగస్టు 14

చిట్టితల్లీ కృపా,

అమ్మ గాయం మానింది. మొన్న ఆదివారం చర్చికి నడిచే వచ్చింది. నువ్వు జట్టుకి ఎంపికైన సంగతి అప్పుడే ఫాదర్ గారికి చెప్పేసింది.

ఇంట్లో ఇబ్బందుల వల్ల డిగ్రీ మానేశానని నీకు చెప్పాను. అది అబద్ధం. మూడేళ్లూ నాకు హాజరు అలాగే రాశారు. నేను క్లాసులో అడుగుపెట్టింది లేదు. చివరి ఏడాది పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా అర్థం కాక అరగంటలో లేచొచ్చేశాను. గుమ్మం దగ్గర మా పీడీ ఎదురై, "ఏసుపాదం, సాయంత్రం ప్రాక్టీసుకి రా" అన్నాడు. పరీక్ష ఎలా రాశావని అడగలేదు.

నువ్వు చదువుతావు, నీ సంగతి వేరు. ఏం చేసినా నాకు కోపం రాదు. అడిగావు కాబట్టి చెప్పాను.

మీ నాన్న,
ఏసుపాదం

భవానీపురం,
సెప్టెంబరు 3

ప్రియమైన నాన్నా,

ఫోన్ ఇచ్చేశారు కానీ ఇది ఫోన్లో చెప్పేది కాదు.

వద్దన్నాను. "పిచ్చా నీకు? జట్టేమైపోవాలి?" అని సారు కేకలేశారు. ప్రిన్సిపల్ శాంతకుమారి గారి దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆసుపత్రి కాగితాలు చూపిస్తే పరీక్షలకి మినహాయింపు ఉందట, ఆటకి లేదట. "ఈసారికి ఆడలేవమ్మా" అన్నారావిడ, నాకంటే ఎక్కువ బాధపడుతూ.

నిన్న జట్టు రైలెక్కింది. నా స్థానంలో నాగవల్లి వెళ్లింది. రెండు వారాలు రోజూ పొద్దున్నే నేనే దానికి నేర్పాను. స్టేషన్లో ఏడ్చాను, దాచను. వచ్చే ఏడాది ఆ స్థానం నాదేనని దానికి మొహం మీదే చెప్పాను. "చూద్దాంలే" అని నవ్వింది.

అక్కణ్ణించి తిన్నగా దూరవిద్య సెంటర్‌కి వెళ్లాను. డిగ్రీ ఆపేసినవాళ్లు మళ్లీ చేరొచ్చట, వయసు అడ్డు కాదట. ఫారం ఈ కవర్లోనే పెట్టాను. నీ పేరు, ఊరు నేనే నింపాను, సంతకం నువ్వు పెట్టు. అర్థం కాని పాఠాలు ఆదివారాలు వచ్చి నేను చెప్తాను.

క్లాసు ఎగ్గొడితే మాత్రం ఊరుకోను నాన్నా.

నీ కృప