వెనక మర విప్పుటకు అనుమతి కోరుతూ, తమ కుడి కంటి తరఫున

ఇసుకబావి పోలీస్ ఠాణా ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, నాచారం పారిశ్రామికవాడ వెనక గల్లీలో నివసించు రిటైర్డు లేత్ పనివాడు గడ్డం పోశయ్య, వయస్సు డెబ్బయి రెండు, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ ఠాణా సామాను గదిలో నిరుటి నుండి ఉన్న నా భర్మార్ తుపాకి వెనక మరను విప్పి, కడిగి, బిగించుటకు ఒక గంట అనుమతి గురించి; అట్లు కానిచో, వచ్చే దసరా నాడు తమరు దానిని పేల్చకుండుట గురించి.

1. సదరు తుపాకికి మందు, గుండు మూతి నుండే దట్టించవలెను. వెనక తెరిచే తలుపు ఉండదు. గొట్టం వెనక కొసను ఒక ఇనుప మర మూసి ఉంచుతుంది. మందు అంటుకున్నప్పుడు గుండు ముందుకు పోతున్నదంటే, ఆ మర వెనక్కి రాకుండా ఆగినందుకే. మరకు బెత్తెడు వెనకనే పేల్చేవాని కుడి కన్ను ఉంటుంది. తమరు ఈ ఒక్క పేరా చదివి మిగతాది చింపివేసినా నాకు అభ్యంతరం లేదు.

2. నల్లమందు కాలగా మిగిలే మసి గాలిలోని తేమను తాగి ఇనుమును తింటుంది. కావున నేను ఏటేటా ఆ మరను విప్పి, మరిగే నీళ్ళలో వేసి, పాత పళ్ళ బ్రష్షుతో చుట్టుచుట్టుకూ తోమి, నిప్పు పోయే సన్నని రంధ్రంలో సూది ఆడించి, ఎండబెట్టి, పలుచగా గ్రీజు పూసి బిగిస్తాను. గొట్టం లోపలి చుట్లను కూడా అట్లే తోముతాను. పదకొండు చుట్లు తిరిగితేనే మర అడుగుకు ఆనుతుంది. నేను పైకే లెక్కపెడతాను. మా అక్క మల్లవ్వ కూరగాయలు తరుగుతూ, "పదకొండు అయినయారా? ఇగ తిందురా," అని పిలుస్తుంది. ఎందుకు లెక్కపెడతానో ఆమె ఎన్నడూ అడగలేదు. నేను బడికి పోయినవాణ్ణి కాను. బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు నేర్చాను, తహసీలు ఆఫీసు ముందు చెట్టు కింద ఇతరుల అర్జీలు వ్రాసి వ్రాసి ఈ భాష నేర్చాను. అక్షరం తప్పితే మన్నిస్తారు. చుట్టు తప్పితే మన్నించే వస్తువు కాదది.

3. నిరుడు దసరా నాడు నారపల్లి అవతల, ఇంకా ప్లాట్లు కాని ఒక చేనులో దానిని పేల్చబోయాను. లైసెన్సులో అడవి పందులు అని ఉన్నది, దసరా అని లేదు. ఆ నేరం ఒప్పుకుంటున్నాను. నిప్పు పుట్టించే రాగి టోపీ చిటుక్కుమన్నది గానీ లోపలి మందు అంటుకోలేదు. ఇంటికి తెచ్చి, మందు తడిపి తీద్దాం, మర విప్పుదాం అనుకునేలోగా ఎన్నికల కోడు వచ్చింది. ఆయుధాలు అప్పగించవలెనని కానిస్టేబుల్ నరేందర్ ఇంటికి వచ్చి పట్టుకుపోయాడు. లోపల మందున్నదని చెప్పాను. అతడు టోపీ లేకుండానే గుర్రం, అనగా ట్రిగ్గరు, నొక్కి, టక్కుమనగానే రిజిస్టరులో "ఖాళీ" అని వ్రాసుకున్నాడు. ఎన్నికలు అయిపోయాయి. సామాను గది కారుతుంది, వానాకాలమంతా కారింది. తుపాకి రాలేదు.

4. గత మంగళవారం పానా, గ్రీజు డబ్బా, థర్మాసులో వేడినీళ్ళు పట్టుకుని వచ్చాను.

"ఏంది తాతా, మళ్ళొచ్చినవ్? చాయ్ దెచ్చినవా?" అన్నాడు నరేందర్.

"దాన్ల మందున్నది బిడ్డా. మర దీసి కడగాలె."

"నేను నొక్కి సూసిన గదనే. ఫికర్ జెయ్యకు. గీసారి ఆయుధపూజకు మా సారే పేలుస్తడు. కొత్త మందు మస్తు దట్టిస్త, ఉప్పల్ మెట్రో దాంక ఇనవడాలె!"

"పాత మందు మీద కొత్త మందా? మీ సారు తలకాయ ఉప్పల్ మెట్రో దాంక పోతది!"

"ఏయ్ ముసలోడా, సారునంటవా?"

నేను లోపలికి ఉరికి తుపాకిని పట్టుకున్నాను. అతడు లాఠీతో నా మణికట్టు మీద వేశాడు. నేను అతని ముంజేతిని కొరికాను. నాకున్నవి నాలుగు పళ్ళే, నాలుగూ దిగాయి. అతడు నా తలను గోడకు కొట్టాడు. దీనిపై నాకు ఫిర్యాదు ఏమియు లేదు; అతనికీ ఉండరాదని కోరుతున్నాను. కుర్రవాడు మంచివాడు, తర్వాత మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

5. ఇక ఇంత పట్టు ఎందుకని తమరు అడగవచ్చును. ఈ పేరా నేను మూడు కాగితాలు చింపి నాలుగవ దాని మీద వ్రాస్తున్నాను.

ఆ తుపాకి మా బావ మొగిలయ్యది, అనగా అక్క మల్లవ్వ పెనిమిటిది. ముప్పయ్యారేళ్ళ కింద వెనక మర తుప్పు తిన్నదని నాచారం తెచ్చి నాకిచ్చాడు. భోజనం గంటలో కార్ఖానా లేత్ మీద కొత్త మర కోశాను. అద్దంలాగ వచ్చింది. గొట్టం లోపలి చుట్లలో పేరుకున్న పాత మసిని మాత్రం తోమలేదు. గంట కొట్టారు, మిషను ఎక్కాలి. మర తొమ్మిది చుట్లు తిరిగి ఆగింది. పానా మీద సుత్తితో రెండు వేసి, అడుగుకు ఆనిందనుకుని, "ఫస్ట్ క్లాస్ బావా," అన్నాను.

జనగామ అవతల మా ఊళ్ళో మక్కచేనులోకి పందుల మంద దిగింది. నేను బావ పక్కనే ఉన్నాను. చప్పుడు ముందుకు పోలేదు, మా మీదికి వచ్చింది. మర అతని కుడి కంట్లో దిగి వెనక పుర్రెను పగులగొట్టుకుని బయటపడింది. నా అంగీ మీద పడినది మెదడని తెలియక చేత్తో దులుపుకున్నాను. బావ గురి పెట్టిన పందికి ఏమీ కాలేదు. అది మమ్మల్ని చూసి, కొట్టుకుంటున్న అతని కాళ్ళ మీదుగా తొక్కుకుంటూ పోయింది.

పంచనామాకు వచ్చిన జమేదారు నన్ను అడిగాడు: "తాగిండా?"

"జరంత," అన్నాను.

ఆ రోజు మొగిలయ్య బావ కల్లు ముట్టలేదు. "మద్యం మత్తులో మందు అధికముగా దట్టించుట వలన" అని వ్రాశారు. సాక్షి సంతకం నాది. నా జీవితంలో ప్రభుత్వ కాగితం మీద పెట్టిన మొదటి సంతకం అదే.

తుపాకికి మళ్ళీ కొత్త మర కోసి, లైసెన్సు నా పేరు మీదికి మార్చుకుని నేనే ఉంచుకున్నాను. అప్పటి నుండి అక్క నా ఇంట్లోనే వండి పెడుతున్నది. ఏటా పెత్రమాస నాడు, అనగా పెద్దల అమావాస్య నాడు, బావ పేరున విస్తరి వేస్తుంది. అన్నీ పెడుతుంది, కల్లు పెట్టదు. "అదే గదా నిన్ను మింగింది, తాగుబోతోడా," అని విస్తరిని తిడుతుంది. రేపు పెత్రమాస.

కావున అయ్యా, ఒక కన్ను నా వల్ల పోయింది. రెండవది తమరిది కాకుండా చూడవలెనని నా ప్రార్థన. గంట చాలును. గొట్టంలో నీళ్ళు పోసి మందు తడిపి తీస్తాను, మర విప్పుతాను, తోముతాను, నరేందర్ వినేటట్టు పదకొండు లెక్కపెడతాను. పిమ్మట తుపాకిని తమరే ఉంచుకొనవచ్చును. ఇది చిత్తగించవలెను, చిత్తగించు వరకు దానిని ఎవరూ చెంపకు ఆనించకుండా చూడవలెను.

తమ విధేయుడు, తమ కంటి క్షేమం కోరువాడు,
గడ్డం పోశయ్య

సాక్షి: గడ్డం పోశయ్య అక్క మల్లవ్వ (వేలిముద్ర)

తా.క.: ఇది ఠాణా వరండాలో బల్ల మీద కూర్చుని వ్రాస్తున్నాను. సాక్షి లేనిదే అర్జీ తీసుకోము అన్నారు. అక్కను తీసుకొచ్చాను. ఆమె చదువుకోలేదు. "ఏం రాసినవో సదువు, ఇనకుంట ఏలు వెట్ట," అన్నది. అయిదవ పేరా దాటవేయవచ్చును, ఆమెకు తెలిసేది కాదు. చదివాను.

ఆమె నా సంచిని తన ఒళ్ళోకి లాక్కున్నది. తర్వాత, "తాగలే గదరా ఆ పొద్దు?" అని అడిగింది. తాగలేదన్నాను. నా సంచిలోని పానా తీసి నా నుదుటి మీద కొట్టింది. నరేందర్ ఉరికొచ్చి పట్టుకునేలోగా ఇంకొకటి వేసింది. ఈ కాగితం కింది భాగంలోని ఎర్ర మరక సిరా కాదు; దానిని కొట్టివేతగా భావించవద్దని మనవి. ఆమె వేలిముద్ర కూడా సిరాతో వేసినది కాదు.

ఆమె తమరికి చెప్పమన్న మాట ఉన్నది ఉన్నట్టు వ్రాస్తున్నాను: "సారూ, ముందుగాల ఆ మర ఇప్పిచ్చుర్రి. రేపు మా ఆయనకు కల్లు వెట్టాలె, ముప్పయ్యారేండ్ల కల్లు. అయినంక వీని సంగతి నేను సూస్త."

మర విప్పుటకు కావలసిన పానా ఇప్పుడు అక్క చేతిలో ఉన్నది. అడిగితే ఇవ్వడం లేదు. నాకు అడిగే హక్కు కూడా లేదు. దానిని తమరే అడిగి ఇప్పించవలెను.