రెండో డబ్బా

1961 జూన్ 20, మధ్యాహ్నం

ఫిబ్రవరి 17 ఉదయాన్ని మొత్తం గుర్తు తెచ్చుకుని రాయాలి. ఒక్కటీ వదలకూడదు. తమ్ముడు ముత్యాలయ్య అడిగాడు.

అది ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో మొదటి శుక్రవారం. నాకు ఉపవాసం. తమ్ముడి లీవు ఆ రోజుతో ఆఖరు కాబట్టి బడికి సెలవు పెట్టాను. సాయంత్రం బస్సుకు మైపాడు నుంచి నెల్లూరు, అక్కణ్ణించి రైలు. సముద్రం నిదానంగా ఉంది. చెంచమ్మ గంపతో వచ్చి అరుగు మీద ఎండు రొయ్యలు కుమ్మరించింది. టీచరమ్మా, ఇసక ఒక్క రేణువుంటే నా ముక్కు కోయి అంది. అప్పుడే లేచి వేపపుల్ల నములుతున్న తమ్ముడు, ముక్కు పోతే ముక్కుపుడక యాడ పెట్టుకుంటావే చెంచమ్మా అన్నాడు. గంప ఎత్తి కొట్టబోయింది.

తలలు, తోకలు గిల్లాను. జల్లెడ పట్టాను. చేటలో చెరిగాను. ఇసుక లేదు. ఇనుప మూకుడులో, సన్నటి సెగ మీద, రొయ్యలు వేరే, మిరపకాయలు వేరే, జీలకర్ర వేరే వేయించాను. ఉప్పు కూడా వేయించాను. అది జకరయ్య తెచ్చిన ఉప్పు. జకరయ్య నా చెల్లెలు మగ్దలీనమ్మ భర్త, ఉప్పు కొఠారులో గుమాస్తా. వెల్లుల్లి పొట్టు తీసి పచ్చిదే వేశాను. రోలు ముందురోజే కడిగి ఎండబెట్టాను. దంచింది తమ్ముడు. వైర్‌లెస్ ముందు కూర్చుని మీటలు నొక్కే హవల్దారుకు రోకలి బరువేమో అని మగ్దలీన ఎగతాళి చేసింది. ఇంకా గట్టిగా దంచాడు.

దంచుతూ నాకో మాట చెప్పాడు. నువ్వు ప్రార్థన చేసి ఆమెన్ అని లేచిపోతావు పెద్దక్కా, మా వైర్‌లెస్‌లో అట్టా కుదరదు, చెప్పేది అయిపోతే ఓవర్ అనాల, అప్పుడే అవతలోడు మాట్లాడతాడు, నువ్వు ఓవర్ అనకపోతే పాపం దేవుడు ఎట్టా మాట్లాడతాడు? నేను నవ్వలేదు. లోపల నవ్వాను.

ఖాళీ పాలపొడి డబ్బాలు రెండు. మరిగే నీళ్లతో కడిగి ఎండలో బోర్లించాను. రొయ్యల పొడి నింపి, మూతల చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి పోశాను. మొదటిదానికి దండిగా పోశాను. రెండోదానికి చాలలేదు. క్రిస్మస్ కొవ్వొత్తి ముక్క ఒక్కటే మిగిలి ఉంది. వేలితో రుద్ది సరిపెట్టాను. మిగిలిన పొడి ఇంట్లో జాడీకి ఎత్తాను.

ఇంకొకటి ఉంది. మా నాయన వేటకు పోయేటప్పుడు అమ్మ సద్ది కట్టేది. మూట ముడి వేసేముందు అందులోంచి ఒక ముద్ద తాను తినేది. మా పేటలో ఆడవాళ్లందరిదీ అదే అలవాటు. సముద్రం మీద ఉన్నవాళ్లూ ఇంట్లో ఉన్నవాళ్లూ ఆ రోజు ఒకే అన్నం తిన్నట్టు. అమ్మ పోయాక ముత్యాలయ్యను పెంచింది నేను. వాడు ఎక్కడికి పోయినా ఆ ముద్ద తినే పంపాను. ఆ రోజు తినలేదు. ఉపవాసం. వాడు వేడి పొడి చిటికెడు తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. పెదవులు మూసుకున్నాను. సరే, నీ ముద్ద గూడా నేనే తింటా అని తన నోట్లో వేసుకున్నాడు.

ఇంతే. ఇంకేమీ లేదు.

జూన్ 20, సాయంత్రం

ఎందుకు అడిగాడో కూడా రాసిపెట్టుకుంటాను.

వాడు హిమాలయాల్లో కొండ ఎక్కేవాళ్ల జట్టుతో వైర్‌లెస్ మనిషిగా వెళ్లాడు. మే నెలాఖరులో, అన్నిటికంటే పై క్యాంపులో, ముగ్గురు టెంటులోనే చనిపోయారు. మంచు విరిగి పడలేదు. గాలివాన లేదు. ఒంటి మీద దెబ్బ లేదు. ఎందుకు పోయారో డాక్టరుకు తెలియలేదు. ఎంక్వయిరీ జరుగుతోంది. వాళ్లు చివరిగా తిన్నవాటిలో నా రెండో డబ్బా ఉంది. ఆ సంగతి ఆఫీసర్లకు చెప్పింది ముత్యాలయ్యే. అందులో ఏమేం వేశావో, ఎట్లా చేశావో రాసి పంపు పెద్దక్కా అని నాలుగు వరుసలు రాశాడు. ఇంకేమీ రాయలేదు.

జూన్ 21

మగ్దలీన, జకరయ్య వచ్చారు. జకరయ్యకు కోపం ఆగలేదు. అసలు వీణ్ణి ఎవుడడిగినాడు వదినా? నోరు మూసుకోనుంటే ఆ డబ్బా మాట ఎవడికి తెలుసు? నువ్వేమీ రాయబాక, కొట్లో కొన్నామని రాయి, పీడా పోద్ది అన్నాడు. అబద్ధం ఆడొద్దని వాడికి నేర్పింది నేనే కదా అన్నాను. అదే నువ్వు చేసిన తప్పు, అక్షరాలు నేర్పి ఊరుకోవాల్సింది అన్నాడు.

మగ్దలీన జాడీ తీసుకుపోయి ఇసుకలో పాతేద్దామంది. అక్కడే ఉండనీ అన్నాను.

ఉత్తరం పోస్టు చేశాను. మైనం చాలని సంగతి రాశాను. ముద్ద సంగతి రాయలేదు. అది ఆఫీసర్లు అడిగింది కాదు.

జూన్ 22

జాడీ కిందికి దించాను. మధ్యాహ్నం ప్రార్థన చేసుకుని, మొదటి ముద్ద ఆ పొడితో తిన్నాను.

జూన్ 25, ఆదివారం

గుడిలో లేచి నిలబడి ముగ్గురి పేర్లు చెప్పాను. బల్వంత్. పాసంగ్. సేన్. పాస్టరుగారు వాళ్ల కుటుంబాల కోసం ప్రార్థన చేశారు.

ముగ్గురూ నాకు కొత్తవాళ్లు కారు. ఏప్రిల్‌లో ముత్యాలయ్య రాసిన ఉత్తరాల నిండా వాళ్లే. మొదటి డబ్బా బేస్ క్యాంపులోనే అందరూ కలిసి ఖాళీ చేశారట. బల్వంత్ గఢ్వాలు మనిషి, నా పొడికి బారూద్ అని పేరు పెట్టాడు, అంటే తుపాకిమందు. పాసంగ్ షెర్పా, దాన్ని ఉప్పు టీలో కలుపుకుని తాగాడు. సేన్ బాబుకు కళ్లద్దాల కింద నీళ్లు కారిపోతున్నా ఇంకా వెయ్యమనేవాడు. బెంగాలీ బిడ్డ. ఇంటి చేప మీద బెంగ.

పేర్లు సరిగ్గా పలికానో లేదో. దేవుడు దిద్దుకుంటాడు.

జూలై 2

పేటలో మాట పాకింది. జకరయ్య నోరు ఊరుకోదు. చెంచమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. టీచరమ్మా, నా రొయ్యలకు పేరు పోయింది, నిన్న ఒక్కతీ కొనలా, యాడ నీ జాడీ అంది. తెచ్చాను. గుప్పెడు పోసుకుని నోట్లో వేసుకుంది. పొలమారింది. నీళ్లిచ్చాను. ఇప్పుడు నేను చచ్చానా, నీ పొడి వల్ల. బతికానా, నా రొయ్యల వల్ల. గుర్తు పెట్టుకో అంది.

సాయంత్రం దాకా మాటిమాటికీ వచ్చి, బతికే ఉండా టీచరమ్మా అని గుమ్మంలోంచి కేకేసి పోయింది.

చాలా రోజులకు నవ్వాను.

జూలై 3

చెంచమ్మ సంగతి విని జకరయ్య కూడా నవ్వాడు. తర్వాత ఆలోచించి, అయినా జాడీ వేరు, డబ్బా వేరు గదా వదినా, మైనం చాలనిది డబ్బాకి అన్నాడు. మగ్దలీన అతని తొడ మీద గిల్లింది.

నిజమే. జాడీ వేరు.

అయినా తింటున్నాను.

జూలై 12

టెలిగ్రాం. ఎల్లుండి వస్తున్నాడు.

జూలై 14

బస్సు దిగినవాణ్ణి ముందు గుర్తుపట్టలేదు. పెదవులు పగిలి నల్లబడ్డాయి. ఎడమచేతి రెండు వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. మగ్దలీన ఏడుపందుకుంది. ఏందిరా బామ్మర్దీ, మంచుకొండకని పోయి మా కొఠారు కూలోడి మాదిరి మాడిపోయి వచ్చినావు అన్నాడు జకరయ్య. అంటూనే పెట్టె అందుకుని కళ్లు తుడుచుకున్నాడు.

చిన్నప్పటిలాగే తల వంచి నా ముందు నిలబడ్డాడు. చెయ్యి పెట్టాను. జుట్టు గడ్డిలా ఉంది.

దేవా, ఒకణ్ణి ఇచ్చావు. ముగ్గురి అమ్మలకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

జూలై 16, ఆదివారం

గుడి నుంచి వచ్చాక అరుగు మీద కూర్చుని, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు.

వాడు కింది క్యాంపులో వైర్‌లెస్ దగ్గర ఉన్నాడు. దాచిన రెండో డబ్బా వాళ్లు పైకి పోయేటప్పుడు ఇచ్చాడు. కొండకొన ఎక్కేముందు తినమని. ఆ రోజు ఆకాశం శుభ్రంగా ఉంది. సాయంత్రం బల్వంత్ గొంతు వినిపించింది. బారూద్ తెరిచాం, మీ అక్కకు ముగ్గురి సలాం, ఓవర్ అన్నాడు. వెనకాల సేన్ బాబు దగ్గుతూ నవ్వడం కూడా వినిపించింది.

తెల్లారి పిలిస్తే జవాబు లేదు. పగలంతా పిలిచాడు. ఓవర్, ఓవర్ అని గొంతు పోయిందట. పైకి చేరేసరికి రెండు రోజులు పట్టింది. టెంటు తలుపు లోపలి నుంచి కట్టి ఉంది. బూట్లు వరుసగా ఉన్నాయి. సేన్ బాబు కళ్లద్దాలు తియ్యలేదు. పాసంగ్ చేతిలో మగ్గు, అందులో టీ గడ్డకట్టి ఉంది. ముఖాల్లో భయం లేదు. మధ్యలో డబ్బా, దాంట్లో చెంచా. సగం ఖాళీ.

కిందికి తేవడానికి వీలుకాలేదు. అక్కడే రాళ్లు పేర్చి సమాధి చేశారు. వీడు డబ్బా కూడా వాళ్ల పక్కన పెట్టి రాయి మూశాడు.

కిందికొచ్చాక ఆ డబ్బా పరీక్షకు కావాలన్నారు. లేదు. మీ అక్కను కాపాడటానికే పాతిపెట్టావా అని ఒక ఆఫీసరు బల్ల గుద్ది అడిగాడట. వీడు జవాబు చెప్పలేదట. చివరికి, కారణం తెలియదు అని రాసి ఫైలు మూసేశారు.



జూలై 17

ఆ ఆఫీసరు అడిగిందే నా మనసులోనూ తిరుగుతోంది. నన్ను కాపాడటానికే పాతిపెట్టాడా? అలా అయితే నా చేతిని అనుమానించినట్టే కదా.

మోకాళ్ల మీద ఉన్నంతసేపు నెమ్మదిగా ఉంటుంది. లేస్తే మళ్లీ మొదలు.

జూలై 18

వచ్చిన రోజు నుంచీ మజ్జిగన్నమే తింటున్నాడు. అదీ మగ్దలీన కలిపి పెడితే. నా కూర పళ్లెం అంచున అలాగే ఉంటుంది. కడుపు బాగాలేదు పెద్దక్కా అంటాడు. జకరయ్య తెచ్చిన మిరపకాయ బజ్జీ మాత్రం తిన్నాడు.

జూలై 19

చందువ చేప పులుసు పెట్టాను. వాడికి ప్రాణం. పిల్లి తిన్నది.

జూలై 21, మధ్యాహ్నం

ముత్యాలయ్య పేటలోకి పోయాడనుకుని పళ్లెం వేసుకుని కూర్చున్నాను. జాడీ మూత తీసి ఉంది. నీళ్లకని వంటింట్లోకి వచ్చాడు. వాసన పట్టి ఆగిపోయాడు. అది ఆ పొడేనా పెద్దక్కా అన్నాడు. అవునన్నాను. ఎన్నాళ్ల నుంచి తింటా ఉండావు? నీ ఉత్తరం వచ్చిన మర్నాడు కాక ఆ తర్వాతి రోజు నుంచి. దేనికి? ఆ రోజు నా ముద్ద తినలేదు కదా నాయనా, అందుకు.

గోడకు ఆనుకున్నాడు. నీకేమన్నా అయ్యుంటే అని అరిచాడు. వాడు నా మీద అరవడం ఇదే మొదలు. అయితే తెలిసేది కదా అన్నాను. తెలిసి? తెలిసి ఏం జేసుకునేది నేను? అని అక్కడే కూలబడ్డాడు.

ఇక అడిగేశాను. ఆ డబ్బా వాళ్ల దగ్గర ఎందుకు పెట్టావు అని.

ఆకలేస్తాదని అన్నాడు.

పిల్లి వచ్చి జాడీ వాసన చూసి పోయింది.

సగమే తిన్నారు పెద్దక్కా, వాళ్లకని ఇచ్చింది మళ్లీ నేనెట్టా తెచ్చుకునేది అన్నాడు. ఆఫీసరుకు ఈ మాట చెబితే నవ్వుతాడని చెప్పలేదట.

మరి నా చేతి కూర ఎందుకు ముట్టవు అన్నాను. ముద్ద నోటి దగ్గరికి తెస్తే బల్వంత్ నవ్వు వినబడతా ఉండాది, వాళ్లను వదిలేసి తింటున్నట్టు ఉండాది అన్నాడు. నీ చేతి అన్నం గాబట్టే పెద్దక్కా, బజ్జీలకు అట్టా లేదు అన్నాడు.

నా ముద్ద ముందు తిన్నాను. ఇంకొకటి కలిపి వాడి నోటి దగ్గర పెట్టాను. పెదవులు మూసుకున్నాడు. చెయ్యి దించలేదు నేను.

తెరిచాడు.

జూలై 21, సాయంత్రం

అరుగు మీద అందరం కూర్చున్నాం. చెంచమ్మ కూడా వచ్చింది. రెండు సంగతులు ఖాయమయ్యాయి.

ఆదివారం ఆ ముగ్గురి పేరున ప్రార్థన కూటం పెట్టి, జాడీలో మిగిలింది వేడి అన్నంలో కలిపి తలా ఒక ముద్ద తినాలి. నాకు రెండు అని చెంచమ్మ.

తమ్ముడు డ్యూటీకి పోయేలోపు ముగ్గురి ఇళ్లకూ వెళ్లాలి. వాడితో నేనూ వెళ్లాలి. నెల్లూరు దాటనిదానివి, అంత దూరం ఎట్టా పోతావక్కా అని మగ్దలీన. వీడు లేడా అన్నాను. పొడి తీసుకుపోవాలా అని జకరయ్య అడిగాడు. వద్దు, వాళ్లు ఏం పెడితే అది మనం తినాలి, పెట్టకపోతే గుమ్మంలో కూర్చుని రావాలి అన్నాను.

ప్రార్థన నేనే చేశాను. మూడు పేర్లు, తమ్ముడు దిద్దినట్టు పలికాను. ఆమెన్ అన్నాను. కళ్లు తెరవకుండా, ఓవర్ అన్నాను.

ఎవరూ నవ్వలేదు. వింటున్నట్టు కూర్చున్నారు.