కాఫీ గిన్నె వైపు తిరగకు

సాంచెజ్,
1984 మే 8, మంగళవారం.

నా చెల్లెలు నెరెయిదాకు నీ అక్క ఎదెల్మీరా రాయునది. ఇక్కడ నేను, నా కోళ్ళు, పక్కింటి ఎర్సీలియా నోరు అన్నీ క్షేమం. మరిది నడుము నొప్పి తగ్గిందని, ఈ ఎండలకు మీ ఉప్పుమళ్ళు బాగా పండుతున్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అమ్మ కాఫీ దంచే కొయ్యరోలు ఉందా అని అడిగావు. ఉంది, చెదలు పట్టలేదు. రోకలి మాత్రం విరిగితే కొత్తది చేయించాను. గాలివానకు లేచిపోయిన రేకులు రెండూ వేయించాను. అయినా వంటింట్లో ఒక మూల కారుతూనే ఉంది, కింద బకెట్టు పెట్టుకుంటున్నాను. బడిలో నాకింకా మూడేళ్ళు ఉద్యోగం ఉంది. ఈ మధ్య మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకు కూడా చదువు చెప్తున్నాను. కొబ్బరి రొట్టెలు అమ్ముకునే ఎర్సీలియా కూడా పలక పట్టిందంటే నమ్ము.

ఇక నీ కూతురు యానీరా సంగతి. నువ్వు రాసిన ముక్క నాలుగుసార్లు చదివాను. పడవ ఇంజన్లు బాగుచేసే ఆ అబ్బాయితో శనివారం పొద్దున పుయెర్తో ప్లాతా వెళ్ళిపోతోందన్నావు. గడప దగ్గర దీవెన అడిగితే నోరు విప్పనని రాశావు. "అమ్మ నాకు ఇవ్వలేదు, చచ్చేదాకా ఇవ్వలేదు, నేనేం బతకలేదా?" అని కూడా రాశావు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఇవాళ్టి పాఠం చెప్పాలి.

ఇవాళ స్పానిష్ పాఠంలో 'దీవించు' అనే క్రియ తీసుకున్నాను. 'బెందీసె' అంటే దీవిస్తున్నాడు. కళ్ళముందు జరుగుతున్న పని అది. 'బెందీగా' అంటే దీవించాలి, దీవించుగాక. ఇంకా జరగలేదు, జరగాలని మనం కోరుకుంటున్నాం. కోరికైనా, భయమైనా, అనుమానమైనా ఈ రూపంలోనే చెప్తాం. నేను, నువ్వు, అతడు, మనం, వాళ్ళు అని వరసపెట్టి బెందీగా, బెందీగాస్, బెందీగా, బెందిగామోస్, బెందీగాన్ అని బోర్డు మీద రాశాను. పదకొండు మంది గట్టిగా చదివారు. ఎర్సీలియా ఒక్కతే చదవలేదు.

"ఏం, నోరు పడిపోయిందా?" అన్నాను.

"ఇది నాకు అక్షరాలు రాకముందే వచ్చు టీచరమ్మా. ఏడుగుర్ని కన్నాను. పొద్దున్నే గడప దాటేటప్పుడు ఒక్కొక్కరూ 'బెందిసియోన్, అమ్మా' అని దీవెన అడుగుతారు. 'దేవుడు నిన్ను దీవించాలి' అంటాను. పెనం మీద రొట్టె మాడిపోనీ, ఆ మాట మాత్రం ఏనాడూ ఎగ్గొట్టలేదు. మీ బోర్డు మీద అన్నీ ఉన్నాయి గానీ, దీవెన ఎవరికో రాయలేదేం?"

సరే, కోరుకునే రూపంలో తలా ఒక వాక్యం రాయండి అన్నాను. నా వంతుకు 'వాన కురవాలి' అని రాశాను.

"వానకు మీ దీవెనెందుకండీ, అది ఎలాగూ పడుద్ది. మనిషికి పెట్టండి" అంది ఎర్సీలియా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సుద్దముక్క చేతిలోనే ఉంది, నీ పేరు నాలుక చివరే ఉంది. కానీ రాయలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను, కూర్చుని చదువు.

మరిదితో నువ్వు ఇల్లు వదిలిన పొద్దున అమ్మను దీవెన అడిగావు. అమ్మ కాఫీ గిన్నె వైపు తిరిగింది. రెండోసారి అడిగావు. తర్వాత నా వైపు చూసి, "నువ్వైనా ఇవ్వక్కా, బాప్తిస్మంలో నన్ను ఎత్తుకున్న జ్ఞానతల్లివి కదా" అన్నావు. అమ్మకు కోపమొస్తుందని నేను తల వంచుకున్నాను. ఇదంతా నీకు తెలిసిందే. తెలియనిది ఇంకొకటి ఉంది.

అమ్మ పోవడానికి మూడు రోజుల ముందు నా మణికట్టు పట్టుకుంది. "నెరెయిదాకు చెప్పవే. దేవుడు దాన్ని దీవించాలని నేనన్నానని చెప్పు. ఆ రోజు ఆ గిన్నెలో కాఫీ కూడా లేదే. ఉత్త గిన్నె కలుపుతూ నిలబడ్డాను. ఈ మాట దానికి అందకపోతే మట్టిలో కూడా నాకు నిద్రపట్టదు" అంది.

అమ్మ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనకు నువ్వొచ్చావు. పెరట్లో అల్లం టీ పట్టుకుని అడిగావు, "అక్కా, అమ్మ నా గురించి ఏమైనా అందా?" అని.

"ఏమీ అనలేదు" అన్నాను.

పదకొండేళ్ళు ఆవిడ దుప్పట్లు ఉతికింది నేను. మందు పోసింది నేను. ఆ మాట మాత్రం నీకు దక్కింది. కడుపు మండింది, అంతే. ఇంతకన్నా గౌరవమైన కారణం ఏదీ నా దగ్గర లేదు.

ఇవాళ ఎర్సీలియా మాటలకు ఇంకొకటి తట్టింది. అమ్మ నాకు ఎందుకివ్వలేదు? నేను అడగలేదు గనక. అడగందే ఇవ్వడం మన ఇళ్ళలో లేదు. టీచరునయ్యాక, నలభై దాటాక, చిన్నపిల్లలా దీవెన అడగడం నామోషీ అనిపించి మానేశాను. మంచాన పడ్డాక ఆవిడ రోజూ పొద్దున్నే నా మొహంలోకి చూసేది. జ్వరమేమోనని థర్మామీటరు పెట్టేదాన్ని. దీవెన అడుగుతానేమోనని చూసేదని ఇవాళ అర్థమైంది. అర్థమై ఏం లాభం?

ఈ ఉత్తరం తపాలాలో వేయను. రేపు పొద్దున శాంతియాగో బస్సు డ్రైవరుకిస్తే అతను అక్కడ మీ ఊరి బస్సువాళ్ళకు అందిస్తాడు, గురువారం కల్లా నీ చేతికొస్తుంది. నన్ను తిట్టుకో. ఆదివారం నుంచి తీరిగ్గా తిట్టుకో. శనివారం మాత్రం కాఫీ గిన్నె వైపు తిరగకు. ఆ అబ్బాయి నచ్చకపోతే నచ్చలేదని దాని మొహం మీదే చెప్పు, చెప్పి దీవించు. అమ్మ నీకు ఇవ్వలేదన్నది అబద్ధం, ఆ అబద్ధం నాది. దాన్ని నీ కూతురికి పంచకు.

ఇరవై ఏళ్ళుగా నీ ప్రతి ఉత్తరం 'బెందిసియోన్, అక్కా' అనే మొదలవుతోంది. నేను రేకుల గురించీ కోళ్ళ గురించీ జవాబు రాశాను, దానికి మాత్రం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. అమ్మ పంపింది, తొమ్మిదేళ్ళు నా దగ్గర ఆగిపోయింది: దేవుడు నిన్ను దీవించుగాక. నాది: దేవుడు నిన్ను దీవించుగాక, నెరెయిదా. మూడోది యానీరాకు. అది నేను రాయకూడదు, గడప దగ్గర నువ్వే చెప్పాలి.

ఇట్లు,
అమ్మను అడగక, నీకు ఇవ్వక ఇన్నేళ్ళు గడిపిన
నీ అక్క, నీ జ్ఞానతల్లి,
ఎదెల్మీరా