సేజ్ అంటే రంగట

ఆగస్టు 21, మధ్యాహ్నం 3 గంటలు

కోపం చల్లారకముందే రాసేయాలి. చల్లారితే నన్ను నేనే సముదాయించుకుంటాను.

జులైలో నా రూమ్‌మేట్ కెండల్ ఫిచ్ మెసేజ్ పెట్టింది. మన డార్మ్ గదికి సేజ్ థీమ్ అనుకుంటున్నా, రగ్గూ లైట్లూ నేను తెస్తా, గోడకేమైనా నువ్వు చేసి పట్టుకురా, అంది. మా వయోమింగ్‌లో సేజ్ అంటే ఒకటే. గడప దాటితే కొండ దాకా పెరిగే బూడిదరంగు పొద. వాన పడితే ఊరంతా దాని వాసనే. కాలేజీలో అడుగుపెట్టకముందే మా పొదని కోరుకున్న పిల్ల దొరికిందని ఎంత మురిసిపోయానో! అమ్మమ్మా నేనూ పికప్ ట్రక్కు వేసుకుని వెళ్ళి కోశాం. బట్టలారేసే తీగ మీద తలకిందులుగా కట్టి వారం రోజులు ఎండబెట్టాం. గడ్డిమోపులు కట్టే నారింజరంగు తాడుతో అమ్మమ్మ గుండ్రంగా దండ అల్లింది.

ఇవాళ అది చూసి కెండల్ మంచమ్మీద పడి పడి నవ్వింది. సేజ్ అంటే రంగట! లేత ఆకుపచ్చలో కాస్త బూడిదరంగు కలిస్తే వచ్చే రంగట. దుప్పటి రంగు, దిండు రంగు. నువ్వు నిజంగా పొద పీక్కొచ్చావా, అబ్బ, ఎంత ముద్దొస్తున్నావే, అంది. ముద్దట! తర్వాత అంతస్తంతా తిరిగి చెప్పొచ్చింది.

దండని నా మంచం పైన గోడకే పెట్టాను. మేకులు కొట్టకూడదు కాబట్టి అంటుపట్టీలతో.

ఆగస్టు 22

గదంతా ఆవుల కొట్టం వాసనట. ఎప్పుడైనా ఆవుల కొట్టం మొహం చూసిందా?

ఆగస్టు 29

మా అంతస్తు చూసుకునే సీనియర్ అనెలీస్ రంగుకాగితాలు కత్తిరించి అందరి తలుపులకీ పేర్లు అంటించింది. మా తలుపు మీద "కెండల్, సేజ్" అని ఉంది. నా పేరు టెస్. టెస్ హాల్వర్సన్. వెళ్ళి అడిగితే, అందరూ అలాగే పిలుస్తుంటే అదే నీ పేరనుకున్నా, మార్చెయ్యనా, అంది. అక్కర్లేదన్నాను. ఎందుకన్నానో. పైగా నవ్వాను. ఆ నవ్విన పళ్ళు రాలగొట్టుకోవాలనిపించింది.

సెప్టెంబర్ 16

పాత పత్రికల పేజీలు మడిచి నక్షత్రాలు చేశాను. మెస్‌లో అడిగి తెచ్చిన టమాటా డబ్బాలకి చిరిగిన జీన్స్ ముక్కలు అంటించి పెన్నులు పెట్టుకునేలా చేశాను. ఇవి మాత్రం అందరికీ నచ్చాయి. ఎదురుగది మార్లో, నాకో అరడజను నక్షత్రాలు చేసిపెట్టవే సేజూ, అంది. ఇవాళ నలుగురు వచ్చి నా మంచమ్మీద కూర్చున్నారు. ఇక్కడికొచ్చాక నా మంచమ్మీద ఎవరైనా కూర్చోవడం ఇదే మొదలు.

మార్లో దండ వైపు చూసి, అదేంటే, ఎలుకల గూడా, అంది. అందరూ నవ్వారు.

సెప్టెంబర్ 17, సాయంత్రం

దండ పోయింది. లైబ్రరీ నుంచి వచ్చేసరికి గోడ మీద పట్టీల గుర్తులే మిగిలాయి. కెండల్ పారేసింది! పరిగెత్తుకుంటూ కిందికెళ్ళాను. చెత్తబండి వచ్చి వెళ్ళిపోయింది. వేళ్ళు గీరుకుపోయి నెత్తురు చిమ్ముతున్నా ఆపకుండా అమ్మమ్మ అల్లిన దండ. అది ఈ మహారాణి రగ్గుకి మ్యాచ్ కాలేదు. మే నెల దాకా దీనితో ఒకే గదిలో ఎలా చావాలి?

సెప్టెంబర్ 18

మాట్లాడలేదు.

సెప్టెంబర్ 19

మాట్లాడలేదు. తలుపు మాత్రం ఆరుసార్లు ధడాల్న వేశాను.

సెప్టెంబర్ 28

అమ్మమ్మ ఫోన్ చేసింది. అక్టోబర్ 14న కాలేజీ వాళ్ళు ఇంట్లోవాళ్ళని రమ్మన్నారు కదా, వస్తున్నా, అంది. పద్నాలుగు గంటలు తనే పికప్ నడుపుకుంటూ వస్తుందట. ఆవుల్ని పక్క పశువుల రాంచ్‌లో ఉండే లూయెల్లాకి అప్పజెప్పిందట. మన దండ గోడ మీద ఎలా ఉందే, ఆ పిల్లకి నచ్చిందా, అని అడిగింది. బాగుందన్నాను. నచ్చిందన్నాను.

అమ్మమ్మకి తెలియకూడదు. ఏం చేసైనా సరే, తెలియకూడదు.

అక్టోబర్ 4

ఈ ఐయోవాలో మొక్కజొన్న తప్ప ఏమీ మొలవదు. మా పొద ఎక్కడా దొరకలేదు. చివరికి హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. పెయింట్ల దగ్గర రంగుల నమూనా కార్డులుంటాయి, ఊరికే తీసుకోవచ్చు. సేజ్ వరసలోనే పదకొండు రకాలున్నాయి. బ్యాగు నిండా కుక్కుకున్నాను. కొట్టతను, ఏకంగా కోట కడుతున్నావా తల్లీ, అన్నాడు. మొహం చిట్లించుకుని వచ్చేశాను.

హ్యాంగర్ తీగ వంచి గుండ్రంగా చేశాను. మా పొద ఆకుకి కొసన రంపానికున్నట్టు మూడు పళ్ళుంటాయి. ఒక్కొక్కటీ అలాగే కత్తిరించాలి.

అక్టోబర్ 12

అయింది. తలుపు దగ్గర నిలబడి చూస్తే అచ్చం పొదలాగే ఉంది. నేనూ కత్తిరిస్తానే, అంది కెండల్. వద్దన్నాను. అయినా నేల మీద కూర్చుని నలభై ఆకులు కత్తిరించింది. ఒక్కదానికీ పళ్ళు సరిగా రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

అక్టోబర్ 14, సాయంత్రం 5

అమ్మమ్మ వస్తూనే దండ దగ్గరికి వెళ్ళింది. దానికి ముక్కు ఆనించి పీల్చింది. ఒక ఆకు తిప్పింది. వెనక రంగు పేరు అచ్చేసి ఉంది. పేరు రాసిపెడితేగానీ ఇది సేజని తెలీదేంటే ఈ ఊళ్ళోవాళ్ళకి, అంది. నవ్వుతూనే అంది.

పాతది రాలిపోయింది అమ్మమ్మా, అందుకే కొత్తది చేశా, అన్నాను.

అప్పుడు కెండల్ నోరు విప్పింది. రాలిపోలేదండీ, టెస్ పారెయ్యమంది, కింద హాల్లో పెడదామే అంటే వినలేదు, నేనే పట్టుకెళ్ళి పడేశాను, సారీ అండీ, అంది. కుళ్ళుతో అనలేదు. నొచ్చుకుంటూనే అంది. నా పేరు సరిగ్గా పలకడం అదే మొదటిసారి.

నిజమే. ఎలుకల గూడని అందరూ నవ్విన రోజు నేనూ నవ్వాను. పీకి పారెయ్యవే కెండల్, కలుపుమొక్క అది, మా అమ్మమ్మ చాదస్తం, అన్నాను. ఆ ముక్క ఇక్కడ రాయలేదు. ఎవరూ చదవని డైరీకి కూడా అబద్ధం చెప్పాను. నెల రోజులు కెండల్ మీద కారాలూ మిరియాలూ నూరాను.

అమ్మమ్మ కెండల్‌ని భోజనానికి రమ్మని పిలిచింది. తింటున్నంతసేపూ దానితోనే మాట్లాడింది.

అక్టోబర్ 15, ఉదయం

పార్కింగ్‌లో అమ్మమ్మ, ఆ కాగితాల దండ ఇలా పట్రా, అంది. ఎందుకన్నాను. దీన్ని కూడా పారెయ్యకముందు నేను తీసుకుపోతా, అంది.

తిడితే పడేదాన్ని. కొట్టినా పడేదాన్ని. దండని పక్కసీట్లో పెట్టి, దానికి బెల్టు పెట్టి, బండి తిప్పుకుని వెళ్ళిపోయింది. తప్పు నాదేనని తెలిసినా కోపం తగ్గడం లేదు. ఇప్పుడు దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

అక్టోబర్ 24

లూయెల్లా ఫోన్ చేసింది. దండ మా వీధితలుపుకి ఉందట. ఎంత బాగుందో, ఎవరు చేశారని అడిగితే, ఐయోవాలో ఎవరో ఓ కాలేజీ పిల్ల చేసిందిలే, అందట అమ్మమ్మ.

ఆ పిల్ల నీకేమైనా తెలుసా, అని అడిగింది లూయెల్లా.

తెలుసన్నాను.