చారల చొక్కా

1968 జులై, మంగళవారం

యాదగిరిని ఈరోజు అప్పీలులో వదిలేశారు. తార్నాక రోడ్డు మీద చీకట్లో నా గడియారం లాక్కున్నవాడి ముఖం నేను చూడలేదు, నీలిచారల చొక్కా మాత్రమే చూశాను. మర్నాడు మా హాస్టల్లో బట్టలుతికే మల్లమ్మ కొడుకు యాదగిరి ఒంటిమీద అలాంటిదే కనబడితే, పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి పోలీసులకు చూపించాను. ఆ సాక్ష్యం చాలదన్నారు జడ్జిగారు.

ఆ నీలిచారల గుడ్డ ఒకే తాను కొని ఆరుగురం స్నేహితులం చొక్కాలు కుట్టించుకున్నాం. మాలో ఒకడు పాతబడ్డ తన చొక్కా యాదగిరికిచ్చాడు. ఇది తెలిసీ నేను ఏ కోర్టులోనూ నోరు విప్పలేదు, పిరికివాణ్ణి.

కోర్టు బయట మల్లమ్మ నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను.

"ఉతికేటియి ఉంటే మూటగట్టి పెట్టు సారూ, రేపు పొద్దుగాల వస్తా" అన్నది.

ఇప్పుడే మూట కట్టాను. నా చారల చొక్కా మాత్రం పెట్టె అడుగున దాచాను.