పైచేను బొగ్గు

మంగళవారం, మార్కాపురం

కొత్త బొగ్గు పనికిరాలేదు. అదే కందికట్టె, అదే ఫర్నేస్, అంతే వేడి. కానీ నా సోడియం బ్యాటరీలో పెడితే పోయినసారి నిలిచిన ఛార్జిలో సగం కూడా నిలవలేదు. సోడియం దూరి కూర్చునే సన్న రంధ్రాలే ఏర్పడలేదు.

విసుగొచ్చి నాయనకు ఫోన్ చేసి, ఏ చేను కట్టె పంపావని అడిగాను.

"ఇది దిగువచేనుది పాపా. ముందు ఇచ్చింది పైచేనుది. ఎరువుకని గొర్రెలమంద తోలించినాం గదా, ఆ చేను. ఏ చేనుదైతే ఏంది, కట్టె కట్టే గదా?"

అప్పటినుంచి కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్నాను. గొర్రెల మూత్రంలోని పొటాషియం కట్టెకెక్కి, కాలేటప్పుడు బొగ్గును అదే తొలిచిందేమో! ఆ రంధ్రాలు నా డిజైన్ అని పరిశోధన వ్యాసంలో రాసేశాను. రేపు గైడ్ మేడమ్ బొగ్గు చేసిన పద్ధతి చెప్పమంటారు. ఫర్నేస్ గురించి ఎంతైనా చెప్పగలను. కానీ అసలు పని చేసిన ఆ మంద ఎవరిదో కూడా నాకు తెలియదు.